చిన్నవారి వేగము

డాన్యూబు నదికి దూరమును పుట్టినచోటు నుండి గాక, అది నల్లసముద్రమున గలియు సులీనా రేవు నుండి ఎగువకు లెక్కింతురు. కావున ఇల్జ్, ఇన్ అను రెండు నదులు వచ్చి సంగమించు పాసౌ పట్టణమున సుమారు 2,226గా నుండు కిలోమీటరు సంఖ్య, ప్రవాహము వెంట దిగువకు బోవు బాటసారి కన్నుల యెదుట క్రమముగా క్షీణించుచు, వియన్నా చేరునప్పటికి 1,929 ప్రాంతమునకు వచ్చును. ఈ మున్నూరు కిలోమీటర్ల తీరమార్గము ఐరోపాలో ఆలుబిడ్డలతో సైకిళ్లపై బయలుదేరువారికి మిక్కిలి ప్రియమైనది. అంత దూరములో నది దిగు పల్లము 150 మీటర్లకు మించదు. గాలి తరచుగా పడమటినుండి వీచి వీపును నెట్టును. ఊరూరను బస దొరకును. పసివారు సయితము తొక్కుకొని పోగల త్రోవ యిది.

మేమీ త్రోవను పోయినప్పుడు మా ఇల్లాలు ముందును, నేను వెనుకను, మా చిన్నపాప నడుమను నుండెడివారము. పాప వేగమే అందరి వేగము. అట్లని యెవరును శాసింపలేదు. మరొక విధముగా సాగుట సాధ్యము గాకపోవుటచే నదియే ధర్మమయ్యెను. "నాన్నా, ఆగు, నీళ్లు తాగుదాం" అని ఆమె కేక వేసినచోటనే మాకు విడిది. నల్లఱాతి కొండ యడ్డముగా నిలువ నది దాదాపు వెనుకకే మరలి పాఱు ష్లోగెన్ వంపును మేము కన్నులార చూచినది అట్టి విరామముననే. వాఖౌ లోయలో జల్దరు తోటల వాసన మాకు తెలిసినది అట్టి నిలుకడలోనే. సైకిళ్లను ఆవలి యొడ్డునకు దాటించు బల్లకట్టుకొఱకు వేచియుండుట పెద్దవారికి కాలహరణము. ఆమెకు మాత్ర మదియే ప్రయాణము.

ఈ బాట వినోదమునకై పుట్టినది కాదు. ధూమనౌకలు 1830 తరువాత క్రమముగా వ్యాపించువఱకును, ధాన్యమును ద్రాక్షాసవమును నింపిన పడవలను ఏటికెదురుగా నీడ్చుటకు గుఱ్ఱములు బారులు దీరి పెద్దమోకుతో లాగుచు నడచిన త్రోవయే, పెక్కుచోట్ల, నేటి సైకిలు బాట. ఆ గుఱ్ఱములును కలసియే నడచినవి. కాని వానిని కలిపినది మోకు. ఒకటి వెనుకబడుట కవకాశమే లేని చోట, ముందున్నది వెనుకదానికై ఆగినదని చెప్పుట కర్థము లేదు. నదికిని నేడట్టి కట్టుబాటే కలదు: ఆస్ట్రియాలో జలవిద్యుత్ కేంద్రముల యానకట్టలు వరుసగా నిలిచి దాని వేగమును నియమించుచున్నవి, వాఖౌలోను వియన్నాకు దిగువను మాత్రమే యది స్వేచ్ఛగా ప్రవహించును.

కలసి నడచుటలో మోకుకంటె ఘోరమైన విధమొకటి కలదని యీ త్రోవయే బోధించును. లింజ్ నగరము దాటిన కొంతదూరమునకు ఎడమగట్టున మౌట్‌హౌజెన్ అను చిన్నయూరు కలదు. దాని పైనున్న కొండమీద, 1938 నుండి 1945 వఱకు, నాజీల నిర్బంధశిబిర ముండెను. ఆ శిబిరమునకును దాని శాఖలకును తేబడిన సుమారు 1,90,000 మందిలో 90,000 మందికి తక్కువగాకుండ మరణించిరి. పాపను తల్లితో క్రిందనే యుంచి నేనొక్కడనే పైకి బోయితిని. అచటి ఱాతిగనినుండి పైకి 186 మెట్లు. బందీలు బండలను వీపున మోసికొని, వరుసలు చెదరకుండ, కావలివాని యిచ్ఛ ననుసరించి ఆ మెట్ల నెక్కవలసియుండెను. అడుగు తడబడినవానికి ప్రాణముపై ఆశ లేదు. వెనుకబడుటయే అపరాధమై, అలసటయే మరణదండనకు హేతువైన యా స్థలమున నిలిచినప్పుడు, క్రింద ఏటియొడ్డున మేము పాటించుచున్న నియమము ఎంత గొప్పదో నాకు తోచినది. అక్కడ బలవంతుడు నిర్ణయించిన వేగమునకు బలహీనుడు బలి. ఇక్కడ బలహీనుని వేగమునకు బలవంతుడు తనంతట తాను లోబడుట. నాగరకతకును దాని వినాశమునకును గల యంతరమును నాకు మఱే గ్రంథమును ఇంత స్పష్టముగా జూపలేదు.

మన వాఙ్మయమున కుటుంబయాత్ర యనగానే స్ఫురించునది తిక్కన తెనిగించిన మహాప్రస్థానికపర్వము. ద్రౌపది పడెను, సహదేవ, నకుల, అర్జున, భీములు వరుసగా పడిరి, ధర్మరాజు ఒక్కొక్కరి పతనమునకు కారణము చెప్పెనేగాని వెనుదిరుగలేదు. ఆ ఘట్టము నన్ను బాల్యమునుండియు కలవరపెట్టుచున్నది. ఐనను, త్రోవలో నిలువని యా రాజే స్వర్గము ముంగిట నిలిచెను: తమ్ములును ద్రౌపదియు లేని స్వర్గము తనకు వలదనెను, వెంటవచ్చిన కుక్కను విడిచి రథమెక్కుటకు నిరాకరించెను. ఆ కుక్క ధర్మదేవతయే యని కవి చెప్పుటలో నాకు దోచు తాత్పర్య మిది: పరుగిడువాని ముందు గాక, చిట్టచివర వచ్చువాని వెంట ధర్మము నడచును.

ఇంటిలో మన మీ నీతిని అనాయాసముగా పాటింతుము. వాత్సల్యము మన చేత దానిని చేయించును. ఇల్లు దాటి వీధిలోనికి, బడిలోనికి, రాజ్యములోనికి రాగానే అతివేగముగా పోవువానిని కొలబద్దగా నిలిపి, తక్కినవారిని వెనుకబడినవారని పేరు పెట్టుదుము. పాప రేపు పెరిగి మమ్ము మించిపోవును. అప్పుడు నడుమ నుండవలసిన వార మేము. వేగము ఎవరియందును స్థిరముగా నుండునది కాదు గనుక, చివరివానికొఱకు ఆగుట దయ యని నేననను. అది ప్రతి మనుజుడును తన వంతు వచ్చులోపల తీర్పవలసిన ఋణము.