అప్పులవాని గడప

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 24:6–13, లేవీయకాండము 25:29–31



మన కడప జిల్లాలో అప్పు ఏలాగు పుట్టునో ఎవరును మనకు నేర్పనక్కరలేదు. వాన తప్పును, చెనిక్కాయ పైరు ఎండును, బోరు వేయగా దుమ్ము లేచును. మొన్న ఒక సహోదరుడు కాగితములు చేతపట్టుకొని మా యొద్దకు వచ్చెను. బాకీలు తీర్చలేక కోర్టులో ఐ.పి. పెట్టదలచి, అంతకు ముందుగా ఉన్న ఒక్క యింటిని భార్య పేర దానపత్రము వ్రాయించెను. సాక్షి సంతకము మేము చేయవలెనట. "అయ్యగారూ, బిడ్డలు బజారున పడకుండా చూడండి" అనెను. ఆ మాట త్రోసివేయుట సులువు కాదు. కలము తీసికొంటిమి కూడా.

అప్పులవారి జాబితా చూడగా మన సంఘపు విధవరాలొకతె పేరు అందులో లేదు. కూలి డబ్బు కూడబెట్టి ఆమె ఇతనికిచ్చిన సంగతి మాకు తెలియును. అడిగితిమి. "ఆమె దగ్గర నోటు లేదు గదా" అని తల వంచెను. మేము కలము క్రింద పెట్టితిమి.

మరునాడు అతనితో కలిసి కడపలో ప్లీడరుగారి యొద్దకు పోతిమి. 1920 నాటి దివాలా చట్టము ప్రకారము, దివాలా తీసినవాడని కోర్టు తీర్పు చెప్పగానే అతని ఆస్తి కోర్టు చేతికో రిసీవరు చేతికో పోవును. గాని 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను జప్తు చేయరాదన్నవి అందులో చేరవు. వంటపాత్రలు, పడకబట్టలు, సేద్యపు పనిముట్లు, కావలసిన ఎద్దులు, విత్తనపు గింజలు, సేద్యగాడైనను కూలివాడైనను తాను కాపురముండు సొంత యిల్లు. దాచనక్కరలేని యింటిని దాచబోయెను! పైగా ఐ.పి.కి ముందు రెండేండ్లలోపు వ్రాసిన అట్టి దానపత్రమును కోర్టు కొట్టివేయవచ్చును. అయితే తాకట్టు పెట్టిన యింటికి ఈ కాపుదల లేదు; తాకట్టు పట్టినవాని హక్కు నిలుచును. బ్యాంకు కాగితముపై వ్రేలిముద్ర వేయకమునుపే ఇది తెలిసికొనుడి.

మోషే ధర్మశాస్త్రమును చూడుడి. అప్పిచ్చినవాడు కుదువ కొరకు ఇంటిలోనికి చొరబడరాదు, బయటనే నిలువవలెను. తిరగలిని కుదువ పట్టరాదు; విసరుకొనుటకు అది లేనిదే కూడెక్కడిది? ప్రాకారముగల పట్టణములో అమ్మిన యింటిని విడిపించుకొనుటకు గడువు ఒక్క సంవత్సరమే. పల్లెలోని యిల్లు పొలముతో సమానము. సునాద సంవత్సరమున అది తిరిగి వచ్చును. మన మట్టిమిద్దెలు దేవుని లెక్కలో ఉన్నవి గదా! ఆ విధవరాలి డబ్బును ఆయన లెక్కలోనిదే. ఎలీషా కాలమున నూనె దొరికిన విధవరాలు మొదట అప్పు తీర్చి, మిగిలినదానితో పిల్లలను పోషించుకొనవలసివచ్చెను.

తిరుగు బస్సులో అతడు ఏమియు మాటలాడలేదు. దానపత్రము చింపి కిటికీలోనుండి పారవేసెను. ఐ.పి. సంగతి ఇంకను తేలలేదు. ఆ సాయంకాలము కొత్త జాబితా వ్రాసికొని, మమ్మును వెంటబెట్టుకొని ఆమె యింటికి పోయి, గడప బయటనే నిలిచి చదివెను. ఆమె పేరు చివర ఉండెను. కోపపడునేమో అనుకొంటిమి. తన పేరున్న వరుస మరియొకసారి చదువుమని అడిగెను.