సాహసము – శరణాగతి

సంసారమును సాగరముతోను, దేహమును నావతోను పోల్చుట మన పెద్దల వాడుక. పురాణము చెప్పునపుడు నేనును ఆ ఉపమానమును ఎన్నోమారులు వాడితిని. కాని నిజముగా పడవ నడపువాడు ఎదుట నిలిచి "పోవచ్చునా, మానవలెనా" అని అడిగినచో ఉపమానము చాలదు, సమాధానము కావలెను.

మేము పుప్పాలగూడలో నివసించుచున్నాము. కంప్యూటరు ఉద్యోగియైన నా మనుమడు సెలవు దినములలో హుస్సేన్‌సాగరమునకు పోయి డింగీ అను చిన్న తెరచాప పడవ నడుపును. ఆషాఢమున ఒక ఆదివారము వేకువనుండియు పడమటి గాలి బలముగా వీచుచుండెను. బయలుదేరుచు నాకు నమస్కరించి, "తాతయ్యా! కాపాడేవాడు స్వామి ఉన్నాడు కదా! గాలికి జంకితే విశ్వాసం లేనట్టే కాదా?" అనెను. నవ్వుచు అడిగినను ప్రశ్న చిన్నది కాదు.

ఆ క్రీడను గూర్చి వానివలన కొంత వింటిని. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున, 16వ శతాబ్దమున ఏర్పడిన ఆ చెరువులో వానకాలపు గాలులయందు హైదరాబాదు సెయిలింగ్ వీక్ అను పందెములు జరుగుట వాడుక. లేజర్ అని పేరొందిన పడవను ఒక్కడే నడుపవలెను. దాని పెద్ద తెరచాప సుమారు 7 చదరపు మీటర్లు. గాలి వేగము రెండింతలైనచో తెరచాపపై ఒత్తిడి నాలుగింతలగును. కావున "నిన్నటికంటె కొంచెమే ఎక్కువ" అను లెక్క ఇచట మోసగించును. పందెమున దిగుటయో, నడుమ మానుటయో నిర్ణయించు బాధ్యత ఆ పడవదేయని అంతర్జాతీయ పందెముల నియమావళి చెప్పుచున్నదట. ఇది విని ఆనందించితిని. పాణిని మహర్షి కర్తకు చెప్పిన లక్షణమును స్వతంత్రతయే గదా!

ఇక విశ్వాసము మాట. శరణాగతి ఆరు విధములని మన సంప్రదాయము. ఆనుకూల్య సంకల్పము మొదటిది. ప్రాతికూల్య వర్జనము రెండవది. స్వామి రక్షించునను విశ్వాసము మూడవది. కూలమనగా ఒడ్డు. ఒడ్డు వెంట పోవునది అనుకూలము, దానికి ఎదురైనది ప్రతికూలము. మొదటి రెండింటిని విడిచి మూడవదానినే పట్టుకొనుట శరణాగతి కాదు. స్వామికి పరీక్ష పెట్టుట.

నేడు సాహసమనగా మెచ్చుకోలు మాట. ధర్మశాస్త్రములలో అది బలాత్కారముగా చేయు నేరమునకు పేరు. నాలుగు విషయములను చూడక మోహముచే ఆరంభించు కర్మ తామసమని గీత 18వ అధ్యాయము తెలుపుచున్నది. ఆ నాలుగింటినే వానికి చెప్పితిని.

"అనుబంధము: ఈ గాలి తగ్గునా, పెరుగునా? మరల ఒడ్డునకెట్లు చేరుదువు? క్షయము: పడవ బోర్లపడినచో ఎన్నిమారులు లేవనెత్తు ఓపిక నీకున్నది? హింస: నీ మూలమున మరి యెవ్వరు ఆపదలో పడుదురు? పౌరుషము: ఇంతటి గాలిలో నీవు మునుపు నడిపితివా, నడుపగలనని ఊహించితివా? గట్టున నిలిచి చూచి నీవే నిర్ణయించుకొనుము."

పోవలదని నేననలేదు. దేహమునకు కష్టమను భయముచే మానుట రాజసత్యాగమని అదే అధ్యాయము చెప్పుచున్నది. శిక్షణ పొందినవానికి, ఒంటిపై లైఫ్ జాకెట్, చేరువలో రక్షక పడవ ఉన్నవానికి గట్టిగాలియే గురువు కావచ్చును.

ఒంటరివాని నిర్ణయమే ఇంతటిదైనచో, పదిమందిని ఎక్కించుకొనువాని మాట చెప్పనేల? 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదమీద ఉండగా, పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద మునిగి ఎందరో అసువులు బాసిరి. ఎక్కినవారు నదిని ఎరుగరు. పడవ పోవచ్చునన్న మాటను నమ్మిరి. తీర్థయాత్రలు చేయు మనము ఈ సంగతి మరువరాదు.

ఆనాడు మనుమడు మధ్యాహ్నమునకే తిరిగివచ్చెను. బట్టలు తడియలేదు. "మూడింటికి జవాబు దొరికింది తాతయ్యా! హింస దగ్గర ఆగిపోయాను. నాతో వచ్చిన కుర్రవాడు కొత్తవాడు. నేను దిగితే వాడూ దిగేవాడు" అనెను. నేను మారుపలుకక తీర్థమిచ్చితిని.

నీటిపైకి పోయినపిదప గాలి మన మాట వినదు. అచట ప్రార్థనకు చోటున్నది. ఒడ్డున ఉన్నంతసేపు మాత్రము స్వామి ప్రసాదించిన బుద్ధి మన చేతిలోనే ఉన్నది. దానిని వినియోగించుటయు ఆయనకు కైంకర్యమే.