తీర్పు తీర్చవద్దా? న్యాయంగా తీర్చాలా?



గురువుల దగ్గరకు తగవులు తెచ్చే అలవాటు మన పల్నాడులో ఇంకా పోలేదు. పొలం గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకాలు, అప్పు నోటు, ఏదైనా సరే, కోర్టు మెట్లెక్కే ముందు దేవాలయం మెట్లెక్కుతారు. సంతోషమే. అయితే ఈ తగవుల్లో ఒక మాట తరచు వినబడుతుంది. తాగివచ్చి భార్యను కొట్టేవాణ్ణి గురించి ఇరుగుపొరుగును అడిగితే, "మనమెవరం ఫాదర్ గారూ తీర్పు తీర్చడానికి? తీర్చవద్దని ప్రభువే చెప్పారు గదా" అంటారు. అదే ఇరుగుపొరుగు, పేటలోకి కొత్తగా కాపురానికి వచ్చిన ఒంటరి ఆడమనిషిని గురించి సాయంత్రానికల్లా తీర్పు చెప్పేసి ఉంటారు. సాక్షులు లేరు, ఆమెను అడిగినవారు లేరు. అప్పుడు మాత్రం మత్తయి సువార్త ఏడవ అధ్యాయం ఎవరికీ గుర్తుకు రాదు.

తీర్పు చెప్పవలసిన చోట తప్పుకుంటున్నాం. తప్పుకోవలసిన చోట చెబుతున్నాం. తీర్పు తీర్చవద్దన్న ప్రభువే, యోహాను సువార్త ఏడవ అధ్యాయంలో, పైపై చూపుతో కాక న్యాయంగా తీర్పు తీర్చమని దేవాలయంలో జనానికి బోధించారు. ఆ అధ్యాయం చివర నికోదేము కనిపిస్తాడు. మనిషి మాట వినకుండా, అతడు చేసినదేమిటో తెలుసుకోకుండా మన ధర్మశాస్త్రం శిక్ష వేస్తుందా అని తోటి పరిసయ్యులను అడుగుతాడు. వారు దానికి జవాబు చెప్పలేదు. నువ్వూ గలిలయ వాడివేనా అని ఎదురడిగారు. అంటే, ప్రశ్నకు జవాబు దొరకక ఊరి పేరు ఎత్తారు! ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని అవసరం వస్తుంది.

పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసుగారు ఈ విషయాన్ని చాలా స్పష్టంగా విడదీశారు. తీర్పు న్యాయబుద్ధి నుంచి పుట్టాలి, అధికారం ఉన్నవారు చెప్పాలి, ఆధారాలు చూసి వివేకంతో చెప్పాలి. మొదటిది లేకపోతే అది అన్యాయపు తీర్పు, రెండవది లేకపోతే దొంగిలించిన తీర్పు, మూడవది లేకపోతే తొందరపాటు తీర్పు. మన రచ్చబండ తీర్పులు చాలావరకు మూడవ రకానివి. అనుమానం ఉన్నచోట మంచివైపే అర్థం చేసుకోవాలని కూడా ఆయన బోధించారు. చెడ్డవాణ్ణి మంచివాడనుకుని పదిసార్లు పొరబడినా అతడికి అన్యాయం జరగదు. మంచివాణ్ణి చెడ్డవాడనుకుంటే ఒక్కసారికే జరుగుతుంది.

న్యాయమైన తీర్పు ఎలా ఉంటుందో చూడాలంటే దానియేలు గ్రంథంలోని సూసన్న వృత్తాంతం చదవండి. తపఃకాలం ఐదవ వారం సోమవారం పూజలో ఏటా వింటాం. ఆమెపై నింద మోపినవారు ఇద్దరు పెద్దలు, పైగా న్యాయాధిపతులు. పెద్దలు చెప్పారు గనుక నిజమేనని సభ అంతా నమ్మి మరణశిక్ష వేసింది. దానియేలు "మనమెవరం తీర్పు తీర్చడానికి" అని ఇంటికి పోలేదు. ఇద్దరినీ వేరుచేసి, ఏ చెట్టు కింద చూశారని ఒక్కొక్కరినే అడిగాడు. ఒకడొక చెట్టు చెబితే రెండవవాడు మరొకటి చెప్పాడు. ఒక చిన్న ప్రశ్నతో ఒక ప్రాణం నిలిచింది.

ఆ ప్రశ్న ఎవరూ అడగకపోతే ఏమవుతుందో మన గుంటూరు ప్రాంతంలోనే చూశాం. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మన మద్రాసు రాజధానికీ వచ్చింది. ఒక కులాన్ని "నేరస్థ జాతి" అని ప్రభుత్వం ప్రకటిస్తే చాలు, ఆ కులంలో పుట్టినవారిని పేరు నమోదు చేసి, పోలీసుల ముందు హాజరు వేయించి, అనుమతి చీటీ లేనిదే కదలనివ్వకుండా చేయవచ్చు. ఆ ప్రకటనను కోర్టులో ప్రశ్నించే వీలు కూడా లేదు. నికోదేము ప్రశ్నకు చట్టమే తలుపు మూసిందన్నమాట.

మన వైపు ఎరుకలవారు అలా చిక్కుకున్నారు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఊరూరా చేరవేసి బతికినవారు వాళ్ళు. రైళ్ళు వచ్చి ఆ బేరం పోయింది. అడవి చట్టాలు వెదురునూ దూరం చేశాయి. వారికోసం బాపట్ల, చీరాలల మధ్య స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలసింది. హెరాల్డ్ స్టువర్టు అనే మద్రాసు ప్రభుత్వాధికారి పేరు దానికి పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ, అంటే క్రైస్తవులే. చదువు, పని చూపించారు, కాదనలేం. కానీ పుట్టుకతోనే దొంగ అన్న మాటను ఒప్పుకునే ఆ పని చేశారు.

అక్కడ దొంగతనాలు జరగలేదా? జరిగాయి. దొంగతనాన్ని దొంగతనమనే అనాలి, చేసినవాడు శిక్ష పొందాలి. చేయనివాడి సంగతేమిటి? 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. పేరు మాత్రం పోలేదు. 1991లో ఒకటికి రెండు సినిమాలు ఆ ఊరి పేరుతోనే వచ్చాయి. కులాన్ని బట్టి ఖైదీలకు పనులు పంచే జైలు నిబంధనలను, ఈ జాతులవారిని నేరస్థులుగా చూసే రాతలను సుప్రీంకోర్టు కొట్టివేసింది 2024 అక్టోబరులో! డెబ్బై రెండేళ్ళు పట్టింది.

1970లలో ఆ ఊరివారి ఇళ్ళకు వెళ్ళి, వారి మాట విని, పనుల కోసం పాటుపడినవారిలో హేమలతా లవణంగారు ముఖ్యులు. మన వినుకొండలో 1895లో పుట్టిన జాషువా కవిగారి కుమార్తె. ఊరి తీర్పు ఎలా ఉంటుందో ఆ తండ్రికి బాగా తెలుసు. ఆమె భర్త లవణంగారు నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి కుమారుడు. దేవుణ్ణి నమ్మనివారు చేసిన ఆ పని, నమ్మిన మనం చేసి ఉండవలసింది.

ఊరి పేరు పడటమంటే ఏమిటో మనకు తెలియదా? 2024 ఎన్నికల గొడవల తరువాత మన పిల్లలు హైదరాబాదులో అద్దె ఇంటికి వెళ్ళి "మాది పల్నాడు" అంటే ఇంటివాళ్ళు ఒకసారి తేరిపార చూస్తున్నారట. మనకది కోపం తెప్పిస్తుంది, న్యాయమే. మరి మిరపతోటలో మోటారు పోయిన రోజు ముందుగా ఎవరి గుడిసెకు పోతున్నాం?

తెలుగు కథోలికులం మన దేవాలయ పరిధిని "విచారణ" అంటాం. విచారించడం ఆ పేరులోనే ఉంది. అందుకే సత్తెనపల్లిలో పెద్దల సమావేశంలో ఎవరి మీదైనా ఫిర్యాదు వస్తే, ఆ మనిషి వచ్చి కూర్చునేదాకా ఆ సంగతి ఎత్తనివ్వడం లేదు. కబురు పంపాలి, పొలం నుంచి రావాలి, కాళ్ళు కడుక్కోవాలి. భోజనాల వేళ దాటిపోతోందని కొందరు పెద్దలకు నామీద విసుగు. విసుక్కోనివ్వండి.