ఘటాకాశం, డిస్కు విభాగం
కుండ పగిలినప్పుడు అందులోని ఆకాశం మహాకాశంలో లీనమైనట్లే, ఉపాధి, అంటే హద్దును కల్పించే నిమిత్తం, తొలగగానే జీవభేదం అణగిపోతుందని గౌడపాదుల మాండూక్యకారికలలోని అద్వైత ప్రకరణం ప్రతిపాదిస్తుంది. ల్యాప్‌టాప్‌లో అనవసరమైన పార్టిషన్‌ను తొలగించడానికి ఈ దృష్టాంతం కొంతవరకే వర్తిస్తుంది. అక్కడ తొలగేది విభాగాల ఆద్యంతాలను నమోదు చేసే పట్టికలోని పద్దు మాత్రమే గాని, అంతమాత్రాన లోపలి సమాచారం చెరిగిపోదు. వేదాంతి హద్దులన్నిటినీ మిథ్య అనగలడేమో గాని, యంత్రాన్ని మేల్కొలిపే ఈఎఫ్ఐ విభాగాన్ని, అది కొన్ని వందల మెగాబైట్లకు మించనిదే అయినా, మిథ్యగా ఎంచి తుడిచేస్తే విండోస్ తెరుచుకోదు. కనుక దస్త్రాల నకలును వేరొక డిస్కులో భద్రపరచి, ఏ విభాగం దేనికి ఆధారమో విచారించిన తరువాతే తొలగింపు యుక్తమవుతుంది. అప్పటికీ, ఖాళీ అయిన చోటు సి డ్రైవ్‌కు కుడిపక్కన ఆనుకొని లేకపోతే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ దానిని సి డ్రైవ్‌లో కలపలేదు. ఆకాశానికి ఈ చిక్కు లేదు.