ఒక్కపూట మాట

రైల్లో పరిచయమైన వాళ్ళకి మనం ఎన్ని మాటలిస్తామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? "మా ఊరొస్తే మా ఇంటికి రాకుండా వెళ్ళకూడదు సుమండీ" అంటాం. "మాగాయ కొలతలు రాసి పంపిస్తాలెండి" అంటాం. స్టేషన్లో దిగి సామాను లెక్కచూసుకుని ఆటో ఎక్కేసరికి వాళ్ళ మొహాలే గుర్తుండవు, ఇక మాగాయ సంగతేం గుర్తుంటుంది? ఇందులో మోసమేమీ లేదు. వాళ్ళూ మనకి అలాంటి మాటలే చెప్పి ఉంటారు. చెల్లుకు చెల్లు.

కాని ఆ మాటని ఒకరు నిజంగా నమ్మి కూర్చుంటే? నాకీ ఆలోచన పోర్ట్ లూయీ కూరగాయల బజారులో మొదలైంది. ఇంకా వదల్లేదు.

పెళ్ళయి పాతికేళ్ళయిన సందర్భంగా మావారు నన్ను ఓడ ఎక్కించారు. హిందూ మహాసముద్రంలో దీవులు చుట్టి వచ్చే పెద్ద ఓడ. అందులో తినడం, తిన్నది అరక్క తిరగడం తప్ప వేరే పని లేదు. ఒక శనివారం పొద్దున్న ఏడింటికి అది మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ రేవులో ఆగింది. సాయంత్రం అయిదింటికల్లా తిరిగి ఎక్కెయ్యాలి. ఒక ఊరికి పది గంటలు! అత్తవారింట్లో అడుగుపెట్టిన కొత్తకోడలు కూడా అంత తొందరగా ఇల్లు చూసి ఉండదు.

రేవుకెదురుగా తాటిచెట్లలాంటి ఎత్తయిన చెట్ల వరుసల ముందు లాబూర్దొనే విగ్రహం ఉంది. 1730లలో ఈ రేవుని ఫ్రెంచివాళ్ళ నౌకాకేంద్రంగా తీర్చిదిద్దిన గవర్నరాయన. 1810లో ఇంగ్లీషువాళ్ళు దీవిని లాక్కున్నారు. మావారికి స్టాంపుల పిచ్చి. 1847లో ఇక్కడ వేసిన స్టాంపులు బ్లూ పెన్నీ మ్యూజియంలో ఉన్నాయనీ, వెలుగు తగిలితే పాడవుతాయని గంటకి కాసేపే దీపం వేసి చూపిస్తారనీ చెప్పి అటు పరిగెత్తారు. నేను బజారుకి వెళ్ళాను. కొత్త ఊళ్ళో మగవాళ్ళు మ్యూజియం వెతుక్కుంటారు, మనం కూరగాయల ధర వెతుక్కుంటాం.

బజారులో ఒక పెద్దావిడ ముందు మునగాకు కట్టలు చూసి ఆగిపోయాను. అక్కడ దాన్ని 'బ్రెడ్ మురుమ్' అంటారట. ఆవిడ నా చీరనీ బొట్టునీ పరీక్షగా చూసి, "కోరంగి?" అంది.

నేను పుట్టింది కాకినాడలో. కోరంగి అంటే మాకు మడ అడవులు. చిన్నప్పుడు వనభోజనాలకి అటు వెళ్ళేవాళ్ళం. ఒకప్పుడు అది ఓడలు కట్టిన పెద్ద రేవని విన్నాను గాని, సముద్రం ఇవతల తెలుగువాళ్ళకి ఆ రేవు పేరే పెట్టారని నాకేం తెలుసు? అక్కడ తెలుగంటే కోరంగి. ఆవిడా కోరంగే.

ఆవిడకి వచ్చింది క్రియోల్. తెలుగులో మిగిలినవి 'అమ్మోరు', 'పండుగ', 'రామభజన' లాంటి నాలుగైదు మాటలు. పక్కనున్న మనవరాలు మటుకు బడిలో తెలుగు చదువుతోంది. మా భాష కొంత ఆ పిల్ల మోసింది, కొంత ఇంగ్లీషు మోసింది. ఉగాదికి తమ దేశమంతటా సెలవని ఆ పిల్ల గర్వంగా చెప్పింది.

తర్వాత ఫోనులో ఒక కాగితం చూపించింది. మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస కూలీల పాత రికార్డులు భద్రపరిచారు. అక్కడ తెచ్చుకున్న నకలట. ముత్తాతగారి తాతగారి పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, విశాఖపట్నం జిల్లా, ఊరు. ఆ ఊరి పేరే చిక్కు. గుమాస్తా తన చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో గిలికాడు. 'కొటవల్సా' అని చదివాను.

"కొత్తవలస" అన్నాను గట్టిగా.

ఆవిడ రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, అదేనా మా ఊరు? మావాళ్ళెవరైనా ఉన్నారా అని అమ్మమ్మ అడుగుతోంది" అంది పిల్ల.

"కనుక్కుని చెప్తాను, తప్పకుండా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! ఆవిడ మునగాకు కట్టలు రెండు నా సంచీలో పెట్టి డబ్బు పుచ్చుకోలేదు. ఓడలో మునగాకు ఏం చేసుకుంటాను? అయినా పుచ్చుకున్నాను. నంబరు కూడా రాసిచ్చింది పిల్ల.

అక్కణ్ణుంచి ఆప్రవాసి ఘాట్‌కి నడిచాను. 1834 మొదలు 1920 దాకా మన దేశం నుంచి దాదాపు అయిదు లక్షలమంది కూలీలు ఈ దీవికి వచ్చారు. 1835లో ఇక్కడ బానిసత్వం రద్దయింది, చెరుకుతోటలకి చేతులు కావాలి. 1849లో కట్టిన ఈ డిపోలో ఓడ దిగినవాళ్ళని ఉంచి, పేర్లు రాసుకుని, తోటలకి పంపేవారు. 2006లో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. ఉన్నదల్లా నల్లరాతి గోడలు, పదహారు మెట్లు. ఓడ దిగి ఆ మెట్లే ఎక్కేవారు. నేనూ అదే రేవులో, అదే రోజు పొద్దున్న, వేడి కాఫీ తాగి దిగాను.

రాళ్ళు తిరగేస్తే కింద బంగారం దొరుకుతుందని చెప్పి వాళ్ళని ఓడ ఎక్కించారని అక్కడ కథలుగా చెప్పుకుంటారు. ఆ మాట చెప్పిన మేస్త్రీ రాక్షసుడేమీ కాకపోవచ్చు. నలుగురు పిల్లలుండి ఉంటారు, మంచి మాటకారి అయి ఉంటాడు. అతనికున్న ధీమా ఒక్కటే: ఈ మనిషి సముద్రం దాటి తిరిగొచ్చి నన్ను నిలదియ్యలేడు.

ఆ మెట్ల దగ్గర నిలబడ్డప్పుడు నా సంచీలో మునగాకు వాసనేసింది. గంట క్రితం నేనిచ్చిన మాటకి మటుకు వేరే ధీమా ఏముంది? ఆవిడా సముద్రం దాటి రాలేదు. అతను డబ్బుకి చెప్పాడు, నేను మంచితనంతో చెప్పాను, నిజమే. వినేవాళ్ళకి ఆ తేడా ఎప్పుడు తెలుస్తుంది, ఎలా తెలుస్తుంది? రైల్లో మాటలు చెల్లుకు చెల్లు కావటానికి ఇద్దరూ ప్రయాణికులే కావాలి. ఇక్కడ ప్రయాణికురాలిని నేనొక్కదాన్నే. ఆవిడ అక్కడే ఉంటుంది, ఆ మునగాకు ముందు.

ఇంటికొచ్చాక వెతికితే తేలిందేమిటంటే, కొత్తవలస ఒక్కటి కాదు. రైలు జంక్షను ఉన్నది అందరికీ తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆ పేరుతో ఇంకా ఊళ్ళున్నాయి. ఉండవా మరి! కొత్తగా వలసొచ్చి నిలబడ్డవాళ్ళు ఎక్కడికక్కడ పెట్టుకునే పేరే అది.

"ఏదో ఒక ఊరు పేరు రాసి పంపెయ్యి. ఆవిడ సంతోషిస్తుంది, నీకూ బరువు తీరుతుంది. దానివల్ల ఎవరికి నష్టం?" అన్నారు మావారు. రెండు రోజులు ఆయన మాటే సబబనిపించింది. నష్టం ఎవరికీ లేదు కూడా. కాని ఆ కాగితం మీద గుమాస్తా ఒకసారి తోచినట్టు రాశాడు. రెండోసారి నేను రాయాలా?

ఉన్న సంగతే రాశాను. ఒక ఊరు కాదు, చాలా ఉన్నాయి, ఏదో తెలియదు అని. వారం దాకా జవాబు లేదు. నొచ్చుకున్నారనుకున్నాను. తర్వాత పిల్ల గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసింది: "ఆ ఊళ్ళలో దేనిలో అమ్మోరి గుడి ఉందో చూడమంటోంది అమ్మమ్మ. అదే మా ఊరంట."

అమ్మోరి గుడి లేని ఊరు ఆ వైపు ఎక్కడుంటుంది! ఆ ముక్క ఆవిడకి ఎలా చెప్పాలో తోచక, ముందు ఒక ఊరు చూసొద్దామని బయల్దేరుతున్నాను. మావారు రానన్నారు. బస్సు టైము మాత్రం కనుక్కుని పెట్టారు.