గిటారు మింగిన చరణం

‘సింధుభైరవి’ సినిమా వచ్చింది 1985లో. అందులో ఇళయరాజా, త్యాగరాజస్వామి ‘మరిమరి నిన్నే’ కృతిని కాంభోజిలోంచి తీసి సారమతిలో పాడించారు. విజయనగరంలో మా గురువుగారి అరుగు మీద పెద్ద గొడవే జరిగింది. “రేపు సుప్రభాతం మోహనలో పాడిస్తాడా?” అని ఒకాయన చిందులు తొక్కారు. గురువుగారు మాత్రం, “సారమతి పరాయిదేం కాదుగా! స్వామివారు ‘మోక్షము గలదా’ చేసింది అందులోనేగా” అని వక్కపలుకులు నోట్లో వేసుకున్నారు.

ఆ కృతిలో స్వామి అడిగేది సద్భక్తీ సంగీతజ్ఞానమూ లేనివాళ్లకు మోక్షం ఉందా అని. రెండూ కలిపే అడిగారు. మన వాదనల్లో మాత్రం ఒకరు జ్ఞానం పట్టుకుని ఇంకొకరి భక్తిని కొలుస్తారు. అసలు తేల్చుకోవలసింది ఒకటుంది. కృతి ప్రార్థనే అయితే, బాణీ మారిస్తే ప్రార్థన చెడుతుందా?

చెడుతుందంటే అన్నమయ్య గతేమిటి? తిరుమల రాగిరేకుల మీద పాటా, రాగం పేరూ ఉన్నాయి గానీ స్వరం లేదు. ఇవాళ మనం కళ్లు మూసుకుని పాడుకునేవి చాలావరకు రాళ్లపల్లి, నేదునూరి, బాలకృష్ణప్రసాద్ వంటి పెద్దలు మొన్నమొన్న కట్టిన బాణీలే. ‘నానాటి బతుకు’ను రేవతిలో కట్టింది నేదునూరివారు. అది 500 ఏళ్ల నాటి బాణీ అనుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లను ఎంతోమందిని చూశాను. ఆ కన్నీళ్లు అబద్ధమని ఎవరంటారు? దీక్షితులవారైతే ఇంగ్లీషు రాజుగారి గీతం బాణీకే ‘సంతతం పాహిమాం’ అని అమ్మవారి మీద సంస్కృతం కట్టారు. మన కచేరీల్లో పీటలు వేసుక్కూర్చున్న ఫిడేలూ ఆ దొరల వెంట వచ్చిందే. కాబట్టి బాణీ మారడం నాకు అపచారంగా కనబడదు.

మరి ఏది అపచారం?

మా అమ్మాయి కొడుకు హైదరాబాదులో ఒక బ్యాండులో బేస్ గిటారు వాయిస్తాడు. సంక్రాంతికి వచ్చి, వాళ్లు చేసిన త్యాగరాజ కృతి ఒకటి నా చెవిలో పెట్టాడు. పల్లవి కింద డ్రమ్స్ మెల్లగా లేచాయి. బాగుంది, దాచడమెందుకు. అనుపల్లవి అయ్యాక గిటారు అందుకుంది. ఎక్కీ ఎక్కీ తిరిగి పల్లవిలో పడి, అక్కడితో సరి.

“చరణం ఏదిరా?”

“అమ్మమ్మా, నాలుగు నిమిషాలు దాటితే ఎవరూ వినరు.”

కత్తిరించడం మాకూ తెలుసు. మూడు చరణాలున్న కృతిలో కచేరీకి ఒక్కటే పాడి ఊరుకుంటాం. అయితే ఆ ఒక్కటీ సాధారణంగా చివరిదే, ఎందుకంటే త్యాగరాజ ముద్ర ఉండేది అందులో. అది కేవలం రాసినవాడి సంతకమని నేననుకోను. ఆ పేరు పలికినప్పుడు, గొంతు నాదే గానీ మొర ఆయనదని పాడేవాడు ఒప్పుకుంటాడు. అప్పుడు నేనూ, త్యాగరాజూ, వినే రాముడూ ముగ్గురం ఒకచోట ఉంటాం. చరణం పోతే మిగిలేది రాగమూ జోరూ. అదీ మంచి సంగీతమే కావచ్చు, కానీ అక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు.

“మరి ద్వారం వారి ఫిడేలులో మాటలున్నాయా?” అన్నాడు మావాడు. గట్టి ప్రశ్నే. మాటలు పైకి వినబడవు గానీ, సాహిత్యం తెలియకుండా కృతి వాయించకూడదన్నది మా ఊరి పాఠం. మాట విరిగేచోటు చూసుకునే కమాను తిప్పమంటారు. చరణం వదలరు. నోరు లేని వాద్యానికి ఉన్న ఆ పట్టింపు, గాయకుణ్ణి ముందు నిలబెట్టుకున్న బ్యాండుకు లేకపోతే ఎలా?

పిల్లలూ, రాగం మార్చుకోండి, నడక మార్చుకోండి, డ్రమ్స్ పెట్టుకోండి. నేను అడ్డురాను. గిటారు కాస్త తగ్గించి చివరి చరణం మాత్రం పాడండి. దానికి పట్టేది ఒక్క నిమిషం.