ధర్మాసుపత్రి

సర్కారు వైద్యశాలకు మన పెద్దలు ధర్మాసుపత్రి యని పేరు పెట్టిరి. తెనుగున ధర్మమను మాటకు రెండర్థములు వాడుకలో గలవు. యాచకుడు అరుగుముందు నిలిచి ధర్మము చేయుమనును. అన్యాయమునకు గురియైనవాడు సభలో నిలిచి ధర్మము చెప్పుమనును. మొదటిది ఇచ్చువాని దయ, రెండవది పొందువాని హక్కు. ఆసుపత్రి పేరులోని ధర్మ మేది?

శనివారమునాడు మా వాడపల్లి వేంకటేశ్వరస్వామి కోవెలకు ఏడు వారముల మ్రొక్కు గలవారు గుంపులుగా వత్తురు. ఇట్టి పుణ్యస్థలములందు హిజ్రాలు చేయి చాచినచో కాదనువా రరుదు. వారి దీవెన ఫలించునని మనకు నమ్మకము, శాపము తగులునని భయము. దీవించినవారే జ్వరముతో ఆసుపత్రి వరుసలో నిలిచినప్పుడు, రూపాయి యిచ్చినవారే ప్రక్కకు జరుగుదురు. వరుసలు రెండే: ఆడవారిది, మగవారిది. చీటీ వ్రాయువాడు పేరు చూచి, ముఖము చూచి నవ్వును. ఆ నవ్వునకు జడిసి రోగి యింటికి మరలును; చిన్న పుండు పెద్దదగును. ఊరివారు కర్మమందురు. కర్మము కాదు, ఆ నవ్వు చేసిన పని.

ఇట్టివారు ఈ కాలమున క్రొత్తగా బయలుదేరిరనువారు సుశ్రుతసంహిత శారీరస్థానమును చూడవలెను. గర్భోత్పత్తిని వివరించుచోటనే ఆసేక్యుడు, షండుడు మొదలగువారిని ఆ వైద్యుడు పేర్కొనెను. అతడు చెప్పిన కారణములు నేడు నిలువవు. వారు తన శాస్త్రమునకు వెలియని మాత్ర మత డనలేదు.

అందరిని ఒక్కరీతిగా చూచిన చాలదా యని కొందరు మంచివారే యడుగుదురు. చాలదు. పురుషుడుగా బ్రదుకువానికి గర్భాశయ ముండవచ్చును. స్త్రీగా బ్రదుకు నామెకు ప్రోస్టేటు గ్రంథి యుండవచ్చును. వైద్యు డడుగక, రోగి చెప్పక అచటి కాన్సరు తెలియుటెట్లు? పురుషుని ప్రేమించు పురుషుడును, ఇంటివారికి తెలియునను వెఱపున తన సంగతి సగము దాచును. సగము విన్న వైద్యుడు సగము మందే యీయగలడు. ఇక బిడ్డ మనసు మార్చెదమని చేయు చికిత్స వృత్తిదోషమని జాతీయ వైద్య మండలి 2022లో ప్రకటించినది. అట్టి వైద్యుల గడప త్రొక్కదలచు తలిదండ్రు లీ సంగతి యెరుగుట మంచిది.

హైదరాబాదు నారాయణగూడలో 2021లో మిత్ర్ క్లినిక్ తెరువబడినది. ట్రాన్స్‌జెండర్లకు వారివారే అందు కొలువుండి వైద్యము చేయించిరి. ధనము అమెరికా ప్రభుత్వముది. 2025 ఆరంభమున ఆ ప్రభుత్వము విదేశసహాయము నాపగా క్లినిక్ మూతపడెను. రోగుల తప్పేమి? కొన్ని నెలలకు టాటా ట్రస్టుల సాయమున సబ్‌రంగ్ అను పేర మరల తెరచిరి. దాతలకు నమస్కారము. కాని దాత మనసు మారినంతనే తలుపు మూసికొనునది మొదటి యర్థపు ధర్మమే.

వీరికి ఆసుపత్రులలో తగిన వైద్యము కల్పింపవలెనని సుప్రీము కోర్టు 2014 ఏప్రిల్ 15న ప్రభుత్వములకు చెప్పియే యున్నది. కోనసీమవాసికి అది హైదరాబాదులో గాక కొత్తపేటలో, అమలాపురములో దొరకవలెను. మందులకు, నిపుణులకు వ్యయ మగును, కొంత కాలమును పట్టును. చీటీ వ్రాయువాడు నవ్వక పేరడుగుట రేపటి సోమవారమే మొదలిడవచ్చును.